మోగుతోందా?

చిన్నమేస్త్రి కొట్టు తెరిచాడన్న సంగతి వీధిలో చెవులకి తెలిసేది కాదు, కళ్ళకి తెలియాల్సిందే. పక్క కొట్టు దర్జీ సూదిలో దారం ఎక్కించి తలెత్తేసరికి ఇనప షట్టరు పైకి పోయి ఉండేది, లోపల దీపం వెలుగుతూ ఉండేది. షట్టరేమీ చిన్నది కాదు. పట్టాలు తుప్పు పట్టి నూనె మొహం చూసి ఎన్నాళ్ళయిందో. పెద్దమేస్త్రి ఉన్న రోజుల్లో దాన్ని ఎత్తితే వీధి చివర పాలవాడు ఉలిక్కిపడి కొలత తప్పేవాడు.

పెద్దమేస్త్రి పోయిన దగ్గర్నుంచీ తమ్ముడి చేతికి చప్పుడు లేదు. అతను పట్టుకున్నది మోగదు, కొట్టింది మోగదు, అడుగేస్తే నేల మోగదు. అన్నని సాగనంపి వచ్చి, తెరిచి వదిలేసిన కొట్టు మూద్దామని షట్టరు దించితే అది గుడ్డ తెరలా దిగింది. అప్పటి నుంచీ అంతే. వీధిలో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఇంట్లో మనిషి పోతే ఒకరికి జుట్టు నెరుస్తుంది, ఒకరికి అన్నం సయించదు, ఇతనికి చప్పుడు పోయింది అనుకున్నారు. దర్జీకైతే పండగే అయింది. గోడ అవతల గ్రైండింగు మిషను రొద ఆగిపోవడంతో మధ్యాహ్నం హాయిగా కునుకు తీసేవాడు. రేవులో లాంచీ నడిపే సరంగు మాత్రం ఓసారి చిన్న గంట ఒకటి పట్టుకొచ్చాడు.

"కాలికి కట్టుకోవయ్యా బాబూ. పిల్లిలా వెనకనించి వస్తున్నావు. నా గుండె అసలే అంతంత మాత్రం" అన్నాడు.

కట్టుకున్నాడు. గంట కూడా మోగలేదు. సరంగు దాన్ని విప్పుకుని తీసుకుపోయాడు, లాంచీకైనా పనికొస్తుందని.

మాట మాత్రం పోలేదు. నోరు తెరిస్తే వినిపించేది. తెరిచేదే తక్కువ. ఏడుపు రాలేదు, బాధ కూడా రాలేదు. చెయ్యి కింద పడేసుకుని పడుకుంటే లేచేసరికి తిమ్మిరెక్కి, అది మన చెయ్యో పరాయిదో తెలియకుండా ఉంటుంది చూడండి, అతనికి ఒళ్ళంతా, లోపలంతా అలా ఉండేది. పొద్దున లేచేవాడు, పని చేసేవాడు, పెట్టింది తినేవాడు.

పెట్టేది వదిన. ఇల్లు కొట్టు వెనకే, మధ్యలో ఒక తలుపు. వదిన నోరున్న మనిషి, ఎదుటివాడు పలక్కపోయినా రెండు వైపుల మాటా తనే అనేసుకోగలదు. కుట్టుపని వచ్చు. ఆమెకి మరిది మీద ఉన్న ఫిర్యాదల్లా ఒక్కటే, టీ కప్పు. గిన్నెలు, గ్లాసులు, పళ్ళేలు అన్నీ అతని చేతిలో కిక్కురుమనకుండా ఉంటాయి గానీ, ఆ నీలం అంచు పింగాణీ కప్పు ఒక్కటే బల్ల మీద పెట్టినప్పుడల్లా టక్కుమనేది.

"కోపం ఉంటే నోటితో చెప్పు. కప్పుతో చెప్పకు" అనేది వదిన.

"నాకేం కోపం లేదు వదినా" అనేవాడు. నిజంగానే లేదు. ఏదీ లేదు.

ఆ కొట్టులో పని ఒక్కటే, ఇంజన్ల లోపలి క్రాంకులు బాగుచేయడం. పిస్టన్లు కిందికీ మీదికీ చేసే పరుగుని గుండ్రటి తిరుగుడుగా మార్చే వంకర్ల ఇనప కడ్డీ అది. ఇంజనుకి వెన్నెముక అనుకోండి. దాని మీద నున్నటి పిన్నులుంటాయి, వాటి చుట్టూ బేరింగులుంటాయి. నూనె అందక బేరింగు కరిగితే పిన్ను గీరుకుపోతుంది. అప్పుడు దాన్ని ఇక్కడికి తెచ్చి, రాతి చక్రం మీద సానబెట్టించి, ఒక సైజు తగ్గించి, తగ్గిన పిన్నుకి సరిపడే బేరింగు వేసుకుని పోతారు.

ఈ పనికి పెద్దమేస్త్రి పెట్టిన నియమాలు రెండు. మొదటిది, మూలలో గోరు ఆగకూడదు. పిన్నూ దాని పక్కన నిలబడే గోడా కలిసే చోట మూల గుండ్రంగా తిరగాలి, పసిపిల్ల మెడవంపులా. బొటనవేలి గోరు పెట్టి లాగితే జారిపోవాలి. ఆగిందంటే అక్కడ మూల పదునుగా ఉన్నట్టు. పదునైన మూలలోనే పగులు పుడుతుంది. రెండోది, మోగాలి. పని పూర్తయ్యాక క్రాంకుని తాడుతో వేలాడదీసి, ఎవరూ ముట్టుకోకుండా సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. ఆరోగ్యమైన ఇనుము గంటలా మోగి, ఆ మోత చాలాసేపు గాలిలో ఊగుతుంది. పగులున్నది డబ్బుమని ఊరుకుంటుంది.

అందుకే ఆ ఇంట్లో "బాగున్నావా" అన్న మాట లేదు. "మోగుతున్నావా?" అనే అడిగేవాడు పెద్దమేస్త్రి. పొద్దున్నే పెళ్ళాన్ని అడిగేవాడు, తమ్ముణ్ణి అడిగేవాడు, దర్జీని కూడా గోడ మీదనించి అడిగేవాడు. జ్వరంలో ఉన్నవాడు "ఇవాళ మోగట్లేదన్నా" అంటే సరిపోయేది. ఆయన పోయాక ఆ మాట ఎవరూ వాడలేదు.

వర్షాలు మొదలయ్యాక సరంగు మనుషుల చేత లాంచీ క్రాంకు మోయించుకుని వచ్చాడు. ఏటి నీళ్ళలోని ఒండ్రు చేరి నూనె దారి పూడుకుపోయిందట, మూడో పిన్ను బేరింగు మాడిపోయింది. అవతలి ఒడ్డుకి ఉన్న దారి ఆ లాంచీ ఒక్కటే.

"ఇది మీ అన్న చేసిందే. పోయిన ఎండాకాలం మొత్తం సాన పట్టించుకుపోయాను. ఆ మూడోది తప్ప మిగతావి అద్దంలా ఉన్నాయి చూడు" అన్నాడు సరంగు.

చిన్నమేస్త్రి చూశాడు. అన్న చేతి పని గుర్తుపట్టాడు. గుర్తుపట్టినా ఏమీ అనిపించలేదు.

తలుపు దగ్గర నిలబడ్డ వదిన అడిగింది. "సోమవారానికి లాంచీ నడుస్తుందా సరంగు గారూ?"

అడగడానికి కారణం ఉంది. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో దుప్పట్లూ, రోగుల బట్టలూ కుట్టే పని ఆమెకి ఖాయమైంది. సోమవారం రాకపోతే వరసలో ఇంకొకరున్నారని మొహమాటం లేకుండా చెప్పారు. మొగుడు పోయాక ఆమె తనంతట తాను వెతుక్కుని, తానే పోయి మాట్లాడుకుని సంపాదించుకున్నది ఆ ఒక్కటే. నాలుగు రోజులుగా సంచీ సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం.

"మీ మరిది చేతిలో ఉందమ్మా. వీలైతే ఆదివారానికే ఇంజన్లో బిగించి నడిపేస్తాను. కానీ ఏరు చూశావుగా" అన్నాడు సరంగు, గొంతు కొంచెం తగ్గించి. "రేవుకి దిగువన ఆనకట్ట ఉంది. ఈ ప్రవాహంలో నడి ఏట్లో ఇంజను ఆగిందంటే మనల్ని ఆపే దేవుడుండడు. అందుకే, చిన్నమేస్త్రీ, మోగితేనే ఇవ్వు. మోగకపోతే మొహమాటపడకు."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. మోగించడం ఎలా, ఇతని చేతిలో ఏదీ మోగదాయె.

"నేను కొడతాలెండి" అంది వదిన. "సుత్తి పట్టుకోడానికి చదువులు చదవాలా?"

చిన్నమేస్త్రి క్రాంకుని మిషను మీదికెక్కించాడు. రాయి తిరిగింది, నీళ్ళు ధారకట్టాయి, నిప్పురవ్వలు లేచాయి. అతని చెయ్యి పిడి మీద ఉన్నంతసేపూ గదిలో ఆ నీళ్ళ చప్పుడు కూడా వినిపించలేదు. మునుపు రాయి ఎక్కువ తింటోందో తక్కువ తింటోందో చెవితోనే తెలిసేది. ఇప్పుడు రవ్వల రంగు చూసి, వేళ్ళకి తగిలే వణుకు చూసి నెట్టుకొస్తున్నాడు. మూడో పిన్ను గీరలన్నీ పోయి నున్నగా తేలింది. మూలలు తిప్పాడు, గోరు పెట్టి లాగాడు, జారింది. కొలిచాడు, సరిపోయింది. నూనె కన్నం అంచులు మెత్తబెట్టాడు. బాగా కుదిరిన పని మీద అన్న అయితే ఒక తిట్టు పెట్టేవాడు, దిష్టి తగలకుండా. తమ్ముడు గుడ్డతో తుడిచి పక్కకి జరిగాడు.

శనివారం మధ్యాహ్నం దాన్ని తాడుకి వేలాడదీశారు. సరంగు వచ్చాడు. దర్జీ కూడా మెడలో టేపుతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వదిన సుత్తి అందుకుని, చీర కొంగు బిగించి ఒక్కటి వేసింది.

క్రాంకు ఖంగుమంది. ఆ మోత గదంతా తిరిగి, షట్టరు సందుల్లోంచి వీధిలోకి పోయి, తీరిగ్గా తగ్గింది. ఆ కొట్టులో అలాంటి చప్పుడు విని ఎన్నాళ్ళో అయింది. దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. సరంగు "భేష్" అన్నాడు. వదిన మొహం వెలిగిపోయింది.

"మోగింది! మీ అన్న చేతి ఇనుము, మోగక చస్తుందా?" అంటూ సుత్తి మరిది చేతిలో పెట్టింది.

సుత్తి చేతిలో పడితే చెయ్యి ఊరుకోదు, అది ఏళ్ళ అలవాటు. అతను ఏ ఆలోచనా లేకుండానే ఒక దెబ్బ వేశాడు.

డబ్బుమంది.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చప్పుడు వచ్చినందుకు కాసేపు సంతోషించారు కూడా. "చేతికి ప్రాణం వచ్చిందయ్యా!" అన్నాడు దర్జీ. చిన్నమేస్త్రి పక్కనున్న దాగలి దిమ్మ మీద కొట్టాడు. ఏమీ లేదు. గోడకి ఆనించిన మరో క్రాంకు మీద కొట్టాడు, ఏమీ లేదు. మళ్ళీ తాడుకి వేలాడుతున్న దాన్ని కొట్టాడు. డబ్బుమంది, ఇందాకటి కంటే కాస్త గట్టిగానే.

"ఇది వద్దు సరంగు గారూ" అన్నాడు. "ఇందులో పగులుంది."

"నేను కొడితే మోగిందిగా!" అంది వదిన.

"మోగింది వదినా. కానీ నా చేతికి పలికింది. నా చేతికి ఏదీ పలకదు."

"అంటే?"

"ఏమో. నాకూ తెలీదు. వద్దు అంతే."

వదిన సరంగు వైపు చూసింది, దర్జీ వైపు చూసింది. వాళ్ళిద్దరూ పైకప్పు వైపు చూశారు. "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు" అంది మరిదితో. "నేను ఏరు దాటి వెళ్ళడం నీకిష్టం లేదు. వేళకి వండిపెట్టే మనిషి ఉండదని. అంతేనా?"

ఆ మాటకి మనిషన్నవాడికి పౌరుషం రావాలి. అతనికి రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదని మాత్రం అనుకున్నాడు. క్రాంకు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో మూలలో బొటనవేలి గోరు పెట్టి లాగుతూ పోయాడు. జారింది. జారింది. జారింది. తను ఈసారి ముట్టుకోని చివరి పిన్ను, అన్న అద్దంలా చేసి ఇచ్చినవాటిలో ఆఖరిది, దాని లోపలి మూలలో గోరు ఆగింది.

మళ్ళీ లాగాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇక్కడ మూల తిరగలేదు" అన్నాడు.

"అది మీ అన్న చేసింది" అంది వదిన. గొంతులో వెలుగంతా పోయింది. "ఆయన చేసినదానికి వంక పెడుతున్నావా? పోయి, బదులు చెప్పలేని మనిషికి? గోరు ఆగకూడదని ఊరందరికీ చెప్పిన మనిషయ్యా ఆయన!"

సరంగు బీడీ వంకతో బయటికి నడిచాడు. దర్జీ ఆయన వెంటే జారుకున్నాడు. ఇంటి మాటల్లో తలదూర్చడమంత తెలివితక్కువ పని లేదని ఇద్దరికీ తెలుసు.

చిన్నమేస్త్రి కిరసనాయిలు గుడ్డతో ఆ మూల తడిపాడు. కాసేపు నాననిచ్చి పొడిగుడ్డతో బాగా ఒత్తి తుడిచాడు. దాని మీద సుద్దపొడి అద్దాడు. పగులుంటే అందులో దాక్కున్న నూనె సుద్దలోకి పాకి గీతలా తేలుతుంది. లేకపోతే సుద్ద సుద్దలాగే ఉంటుంది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. సుద్ద తెల్లగానే ఉంది. వదిన ఏదో అనబోయింది. అప్పుడు ఆ తెలుపులో సన్నగా, కంటి మీద పడ్డ వెంట్రుకలాగా ఒక తడి గీత కనబడింది. చూస్తుండగానే అది మూల వెంబడి కాస్త పొడుగైంది.

వదిన తన బొటనవేలి గోరు ఆ మూలలో పెట్టి లాగింది. ఆగింది.

"ఆఖరిది కదూ ఇది?" అంది.

"ఆఖర్న చేసేది అదే. సాయంత్రం అయి ఉంటుంది."

"లాంచీ క్రాంకు ముగించి వచ్చిన సాయంత్రం నాకు గుర్తుంది. లోపలికొచ్చి మంచం మీద కూలబడ్డారు. ఏమైందంటే ఎండ అన్నారు. చొక్కా గుండీలు నన్నే విప్పమన్నారు. ఏం కొత్త పెళ్ళికొడుకు వేషాలు అని నవ్వాను. ఆయనా నవ్వారు." గోరు ఆ మూలలోనే ఉంచి కూర్చుంది. "చెయ్యి ఆడలేదు ఆయనకి. ఆయన్ని తీసుకుపోయిన జబ్బు అప్పటికే మొదలైంది. మోగుతున్నావా అని ఊరంతా అడిగిన మనిషి, తను మోగట్లేదని ఒక్కరికీ చెప్పలేదు."

అని, క్రాంకుని పట్టుకుని ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు. తనకీ ఏడుపు రావాలని తెలుసు. రాలేదు. లేచి ఆమెకి మంచినీళ్ళు తెచ్చిపెట్టాడు. గ్లాసు చప్పుడు కాలేదు.

సరంగు లోపలికొచ్చి సుద్ద మీద గీత చూశాడు. చూసినా పాత స్నేహితుడి పని మీద నమ్మకం చావక, పెద్ద సమ్మెట తెప్పించి క్రాంకుని రాతి మీద పెట్టించి కొట్టించాడు. సరిగ్గా ఆ మూలలోనే విరిగింది. విరిగిన మొహమంతా కొత్త ఇనుములా తెల్లగా మెరుస్తోంది, మూల దగ్గర మాత్రం నల్లగా పాత మచ్చ, చంద్రవంకలా.

"గోరంతే" అన్నాడు సరంగు. "అందుకే మీ వదిన దెబ్బకి మోగింది."

వరద ఏట్లో గోరంత కొండంత కావడానికి ఎంతసేపు పడుతుందో అందరికీ తెలుసు. ఆదివారం లాంచీలో ఎవరెవరు ఎక్కి ఉండేవారో సరంగు మనసులో ఒక్కొక్కరే మెదిలి ఉంటారు, విరిగిన ముక్క చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

కొత్త క్రాంకు ఎక్కణ్ణించో రావాలి. అది వచ్చేలోపు సోమవారం వచ్చింది, పోయింది. ఆసుపత్రి పని ఇంకొకరికి ఇచ్చేశారని ఫోను మీద కబురు వచ్చింది. వదిన సంచీలోంచి బట్టలు తీసి మేకుకి తగిలించింది. మరిదిని ఒక్క మాట అనలేదు. ప్రాణం మిగిలిందనుకుని సంతోషించడం పక్కవాళ్ళకి తేలిక, పని పోయినవాళ్ళకి అంత తేలిక కాదు.

ఒక రోజు పొద్దున అతను టీ తాగి నీలం అంచు కప్పు కింద పెట్టాడు. టక్కుమంది. వదిన ఆ కప్పు తీసుకుని కిటికీ దగ్గర వెలుగుకి పట్టింది. అంచు నించి కిందికి వెంట్రుకలాంటి చీలిక.

"కోపం కాదన్నమాట" అంది.

"కాదన్నాగా వదినా."

ఆమె దాన్ని పారేయలేదు. కడిగి మళ్ళీ అదే చోట బోర్లించింది.

కొత్త క్రాంకు వచ్చాక కొట్టులో పద్ధతి మారింది. ముందు వదిన ఒక దెబ్బ వేసింది. ఖంగుమంది. తర్వాత చిన్నమేస్త్రి వేశాడు. ఏమీ వినబడలేదు. అప్పుడుగానీ సరంగు దాన్ని ముట్టుకోలేదు. ఆ రోజు నించీ ఆ కొట్టులో ఏ క్రాంకుకైనా రెండు దెబ్బలు. ఆమెది మోగాలి, అతనిది మోగకూడదు. దర్జీ దీన్ని వచ్చేపోయేవాళ్ళందరికీ తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

లాంచీ మొదటిసారి దాటే రోజున రేవు నిండా జనం. ఇన్నాళ్ళు ఆగిన పనులన్నీ మూటలు కట్టుకుని వచ్చాయి. వదిన కూడా సంచీ పట్టుకుని ఎక్కింది. ఆసుపత్రి వాళ్ళని ఇంకో పనేదైనా ఉందా అని అడుగుతానంది. సరంగు ఇంజను తిప్పాడు. చెవులు పగిలే మోత. ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు.

సరంగు చిన్నమేస్త్రిని సైగ చేసి పిలిచాడు. అతను ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు.

లాంచీ నిశ్శబ్దమైపోయింది. చెయ్యి కింద ఇంజను వణుకుతూనే ఉంది, పొగ వస్తూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. ఒడ్డున ఎవరిదో దగ్గు వినిపించింది.

"మోగుతోందా?" అన్నాడు సరంగు.

"లేదు."

"హమ్మయ్య. అయితే పోదాం."

తాడు విప్పారు. లాంచీ కదిలి, ఎర్రటి నీళ్ళలోకి తిరిగింది. దూరాన ఆనకట్ట మీదనించి తుంపర లేస్తోంది. చిన్నమేస్త్రి చెయ్యి తీయలేదు. చివరి బల్ల మీద కూర్చున్న వదిన అతన్నే చూస్తోంది.

"ఏమయ్యా మరిదీ" అంది. ఇంజను మోత లేదు గనక మామూలు గొంతుతోనే అంది. "ఇన్ని చూస్తున్నావు. మరి నీ సంగతేంటి? మోగుతున్నావా?"

అన్న పోయాక ఆ ఇంటి మనిషి ఒకరిని ఆ మాట అడగడం అదే మొదలు. అతను ఖాళీగా ఉన్న చెయ్యి పిడికిలి బిగించి, తలుపు తట్టినట్టు తన గుండెల మీద ఒకసారి తట్టుకున్నాడు.

డబ్బుమంది.

లాంచీలో అందరికీ వినిపించింది. ఒకామె పిల్లని దగ్గరికి లాక్కుంది. సరంగు చుక్కాని మీదనించి చూపు తిప్పలేదు. చిన్నమేస్త్రి తన ఛాతీ వైపు, ఎవరిదో కొత్తగా చూస్తున్నట్టు తల వంచి చూసుకున్నాడు. తిమ్మిరెక్కిన చేతిలోకి నెత్తురు వచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టుంటుంది, అలా మొదలైంది లోపల. చాలా నొప్పిగా ఉంది.

"తెలుసులే" అంది వదిన. సంచీ ఒళ్ళోకి తీసుకుని, జరిగి చోటిచ్చింది. "ఇలా వచ్చి కూర్చో."

అతను ఇంజను మీదనించి చెయ్యి తీశాడు. మోత ఒక్కసారిగా లాంచీ అంతా నిండింది. ఆ మోతలో అతను ఏడ్చింది పక్కనున్న వదినకి తప్ప ఎవరికీ వినిపించలేదు.